వేసవి సెలవుల్లో పిల్లలకు ఏ చిరు వ్యాపారం మంచిది? గోదావరి డెల్టా ఇళ్ళకు ఒక పోలిక

బడులకు సెలవులు ఇవ్వగానే మన వైపు చాలా ఇళ్ళల్లో ఒకే మాట మొదలవుతుంది. పిల్లవాడు సైకిలుకో, క్రికెట్ బ్యాటుకో డబ్బులు అడుగుతాడు. తండ్రి “కష్టపడితే తెలుస్తుంది డబ్బు విలువ” అంటాడు. తల్లి “పోనీ, అరుగు మీద ఏదైనా అమ్ముకోనివ్వండి” అంటుంది. చిక్కు అక్కడే వస్తుంది. ఏం అమ్మాలి? మజ్జిగా, మొక్కలా, చీపుళ్ళా, తాండ్రా, పాత పుస్తకాలా? ఏప్రిల్ చివర మూసిన బడి సాధారణంగా జూన్ 12న తెరుచుకుంటుంది కాబట్టి చేతిలో ఉండేది ఏడు వారాలే. అందులో మొదటి రెండు వారాలు ఈ తర్జనభర్జనలోనే గడిచిపోవడం నేను చాలా ఇళ్ళల్లో చూశాను.

మాది పాలకొల్లు పక్క పల్లె. నాలుగు వేసవులుగా మా ఇద్దరు పిల్లల చేత, మా తోడికోడలు పిల్లల చేత ఇలాంటి చిన్న వ్యాపారాలు చేయిస్తున్నాను. కొన్ని బాగా నడిచాయి, కొన్ని వారం తిరక్కుండానే మూతపడ్డాయి. ఆ అనుభవంతో నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎక్కువ డబ్బు మిగిలే వ్యాపారం కన్నా, ప్రతి ఖర్చూ పిల్లల కంటపడే వ్యాపారమే మంచిది. డెల్టాలో ఇది అనుకున్నంత తేలిక కాదు, ఎందుకంటే ఇక్కడ సగం సరుకు పెరట్లోనే దొరుకుతుంది. చెట్టు తాతగారిది, పాలు ఇంటి గేదెవి, కరెంటు నాన్నది, కడిగి పెట్టే చెయ్యి అమ్మది. ఇవన్నీ లెక్కలోకి రాకపోతే అమ్మిన డబ్బంతా లాభమే అనిపిస్తుంది. అలా అనుకునే పిల్లవాడు రెండు నెలలు వ్యాపారం చేసినా డబ్బు గురించి తప్పు పాఠమే నేర్చుకుంటాడు.

ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

మొదటిది, రూపాయి ఎన్ని రోజులకు తిరిగి చేతికి వస్తుందన్నది. ఎనిమిదేళ్ళ పిల్లకు పొద్దున్న పెట్టిన డబ్బు సాయంత్రానికి కనిపించాలి, లేకపోతే పెట్టుబడికీ రాబడికీ ఉన్న సంబంధం అందదు. పదమూడేళ్ళ వాడికి నెల రోజులు ఆగే ఓర్పు ఉంటుంది, ఆగడం నేర్చుకోవలసిన వయసు కూడా అదే.

రెండవది, నష్టం ఎంత వరకు పోవచ్చన్నది. నష్టం రావాలనే నేను కోరుకుంటాను, కాని అది పిల్లలు తమ మిగులులోంచి తీర్చుకోగలిగినంతే ఉండాలి. పెద్ద నష్టం వస్తే పెద్దవాళ్ళే భరిస్తారు, అప్పుడు ఆ నష్టం పిల్లలది కాకుండా పోతుంది.

మూడవది, ఇంటి నుంచి వచ్చిన సరుకుకు ధర కట్టడం. మన డెల్టాలో కౌలు అంటే తెలియని ఇల్లు ఉండదు. కౌలు రైతు పంట ఎంత బాగా పండించినా, భూమి గలవారికి కొలిచి ఇచ్చాక మిగిలిందే అతనిది. సొంత భూమి ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లలకు ఈ లెక్క తెలిసే అవకాశమే ఉండదు. అందుకని మా ఇంట్లో తాతగారి నిమ్మచెట్టు కాయ తీసుకున్నా ఒక్కో కాయకు ఇంత అని పుస్తకంలో రాస్తాం, వారాంతంలో తాతగారికి ఇస్తాం. మొదట్లో ఆయన “మనవల దగ్గర డబ్బులు తీసుకోవడమేమిటమ్మా” అని నొచ్చుకున్నారు. ఆ డబ్బును విడిగా దాచి సెలవులు అయ్యాక మీకు నచ్చినట్టు ఖర్చు పెట్టండి అని నేను నచ్చజెప్పాక ఒప్పుకున్నారు.

నాలుగవది, కొనేవారు ఎవరన్నది. చుట్టాలు మొహమాటానికి కొంటారు. దారిన పోయేవాడు దాహం వేస్తేనే, రుచి నచ్చితేనే కొంటాడు. మొహమాటపు బేరాల మీద నడిచే వ్యాపారం ధర నిర్ణయించడం నేర్పదు.

అన్నిటికన్నా ముందు చూడవలసింది ప్రమాదం. ఎండ, కత్తి, రోడ్డు, కాలువ గట్టు అనే ఈ నాలుగింటిలో ఏదీ, పెద్దలు పక్కన లేకుండా, పిల్లల వంతు పనిలోకి రాకూడదు. కాలువ గట్టు మీద, పుంత రోడ్డు మలుపులో బేరం ఎక్కువ ఉంటుందన్నది నిజమే, అయినా అక్కడ పిల్లలను ఒంటరిగా కూర్చోబెట్టకండి. చట్టం మాట కూడా చెప్పుకోవాలి. 1986 నాటి బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం, 14 ఏళ్ళలోపు పిల్లలు సొంత కుటుంబపు పనిలో, ప్రమాదం లేని చోట, బడి వేళలు అయ్యాక గాని సెలవుల్లో గాని సాయపడవచ్చు. వేరేవాళ్ళ దుకాణంలో పనికి పెట్టడం మాత్రం, నేర్చుకోవడానికే అయినా, చట్టం ఒప్పుకోదు. కాబట్టి ఈ వ్యాసంలో చెప్పేవన్నీ ఇంటి అరుగు మీద, ఇంటి పెద్దల కనుసన్నల్లో జరిగే పనులే.

ఒక చూపులో పోలిక

| వ్యాపారం | తగిన వయసు | డబ్బు తిరిగి వచ్చే వ్యవధి | పాడయ్యే భయం | ప్రధానంగా నేర్పేది |
|---|---|---|---|---|
| మజ్జిగ, నిమ్మకాయ షర్బత్తు | 8 నుంచి 11 | అదే రోజు | చాలా ఎక్కువ | ఖర్చు, మిగులు, రోజువారీ పద్దు |
| మొక్కలు పెంచి అమ్మడం | 10 పైన | 4 నుంచి 6 వారాలు | మధ్యస్థం | ఆగడం, చచ్చిన సరుకు భారం |
| కొబ్బరి ఈనెల చీపుళ్ళు | 12 పైన | వారం | లేదు | శ్రమకు ధర |
| తాండ్ర, పూతరేకులు తెచ్చి అమ్మడం | 13 పైన | వారం నుంచి రెండు వారాలు | పూతరేకులకు ఎక్కువ, తాండ్రకు తక్కువ | టోకు ధర, అరువు |
| పాత పుస్తకాలు అద్దెకివ్వడం | 9 పైన | నెమ్మదిగా, కొద్దికొద్దిగా | లేదు | ఒకే వస్తువు మీద పదేపదే రాబడి |
| బొండాలు, తాటిముంజలు | పిల్లలకు లెక్క పని మాత్రమే | అదే రోజు | ముంజలకు ఎక్కువ | గల్లాపెట్టె నడపడం |

కింద వేసిన ధరలన్నీ లెక్క అర్థం కావడానికి వేసినవి. మీ ఊరి ధర మీరు వేసుకోండి.

మజ్జిగ: చిన్నవాళ్ళకు దీనికి మించింది లేదు

ఒక సాయంత్రం లెక్క చూద్దాం. రెండు లీటర్ల పాలు 120 రూపాయలు. తోడుపెట్టి, చిలికి, నాలుగు లీటర్ల నీళ్ళు కలిపితే ఆరు లీటర్ల మజ్జిగ అవుతుంది. గ్లాసుకు 200 మిల్లీలీటర్ల చొప్పున 30 గ్లాసులు. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఉప్పు, నిమ్మకాయలకు 30 రూపాయలు, కాగితం గ్లాసులకు 40, మంచినీళ్ళ డబ్బాకు 20. మొత్తం 210. గ్లాసు పది రూపాయలకు అమ్మితే, ముప్పై గ్లాసులూ అమ్ముడుపోయిన రోజున వచ్చేది 300, మిగిలేది 90. ఇరవై అయిదు గ్లాసులే అమ్ముడుపోతే మిగిలేది 40. ఇరవై ఒకటి అమ్మితే పెట్టిన డబ్బు పెట్టినట్టు వస్తుంది. ఇరవయ్యవ గ్లాసు దగ్గర ఆగిపోతే పది రూపాయలు చేతి నుంచి పడతాయి.

ఈ ‘ఇరవై ఒకటి’ అన్న అంకెను పిల్లల చేతనే కనుక్కోనివ్వండి. మా అమ్మాయి పదేళ్ళప్పుడు ఈ లెక్క వేసి, అరుగు పక్క గోడ మీద సుద్దముక్కతో 21 గీతలు గీసుకుంది. ఒక్కో గ్లాసు అమ్మినప్పుడల్లా ఒక్కో గీత కొట్టేసేది. గీతలన్నీ అయిపోయాక అమ్మిన మొదటి గ్లాసుకు దాని ముఖం చూడాలి, అది అసలైన బోణీ అన్నట్టుగా ఆ పది రూపాయల నోటు కళ్ళకు అద్దుకుంది. అంతకు ముందు వచ్చిన 210 రూపాయలు తనవి కావని దానికి ఎవరూ ఉపన్యాసం ఇవ్వవలసిన పని లేకపోయింది.

మూడవ రోజున ఈదురుగాలి లేచి, నాలుగు చినుకులు పడి, వీధిలో మనిషి కనిపించలేదు. పద్దెనిమిది గ్లాసుల మజ్జిగ మిగిలిపోయింది. నేను దాన్ని రాత్రికి మజ్జిగ పులుసు పెట్టేశాను. మర్నాడు పుస్తకం తెరిచి చూస్తే “అమ్మ, 18 గ్లాసులు, 180 రూపాయలు, అరువు” అని రాసి ఉంది. తప్పు ఎక్కడుందో ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. నేను అసలు కొనలేదు, మిగిలిన సరుకును పారబోయకుండా వాడుకున్నాను, కనుక నేను ఇవ్వవలసింది అమ్మకం ధర కాదు. అలాగని ఊరికే తీసుకోవడమూ న్యాయం కాదు. చివరికి సరుకు ఖర్చు మేరకు గ్లాసుకు అయిదు రూపాయల చొప్పున 90 ఇచ్చేట్టు ఒప్పందం కుదిరింది. ఆ రోజు అమ్మినవి పన్నెండే కాబట్టి 120, నేనిచ్చిన 90 కలిపి 210. సరిగ్గా పెట్టుబడికి పెట్టుబడి. మర్నాడు దానంతట అదే మబ్బు చూసి లీటరు పాలే తోడుపెట్టమంది.

ఇక జాగ్రత్తల మాట. చల్లదనం కోసం ఐసు కావాలంటారు. మన భీమవరం, నరసాపురం వైపు ఐసు ఫ్యాక్టరీలు ఎక్కువగా చేపకూ రొయ్యకూ దిమ్మలు తయారు చేసేవే. ఆ ఐసు సరుకు చెడకుండా ఉంచడానికే తప్ప తాగే దానిలో వేయడానికి పనికిరాదు. ఫ్రిజ్‌లో కాచి చల్లార్చిన నీటితో చేసిన ఐసు చాలకపోతే, కొత్త కుండను తడి ఇసుక మీద పెట్టి తడిగుడ్డ చుట్టండి, సాయంత్రానికి మజ్జిగ హాయిగా చల్లబడుతుంది. ప్లాస్టిక్ గ్లాసులు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి నిషేధంలో ఉన్నాయి. స్టీలు గ్లాసులు పెడితే రోజుకు 40 రూపాయలు మిగులుతాయి, కాని ముప్పై గ్లాసులు ఎవరు తోమాలన్న ప్రశ్న వస్తుంది. పిల్లలే తోముకుంటే ఆ 40 వాళ్ళవి, అమ్మ తోమితే అమ్మవి. ఇది వాదించుకోదగిన మంచి ప్రశ్న.

మజ్జిగ లోపం ఏమిటంటే, ప్రతి రోజూ చేయాలి. పది రోజులకు పిల్లలకు విసుగు పుడుతుంది. అందుకని సెలవులంతా నడపాలని పట్టుపట్టకుండా, సంత రోజునో, ఊళ్ళో తీర్థం జరిగే రోజునో, వారానికి మూడు సాయంత్రాలు పెట్టుకోవడం మంచిది. నిమ్మకాయ షర్బత్తుకు ఖర్చు ఇంకా తక్కువ. అయితే వేసవిలో నిమ్మకాయ ధర రోజురోజుకీ మారుతుంది, మీ పిల్లలు కాస్త పెద్దవాళ్ళయితే అదీ ఒక పాఠమే.

మొక్కలు: ఓపిక ఉన్న పిల్లలకు

కడియం, కడియపులంక నర్సరీల పేరు దేశమంతా తెలుసు. దగ్గరి వాళ్ళు అక్కడి నుంచి చిన్న మొక్కలు టోకున తెచ్చి అమ్మవచ్చు. అది కొని అమ్మడమే, పెంచడం కాదు. నేను సిఫారసు చేసేది ఇంట్లో పెంచడాన్ని. బంతి నారు, తులసి, కరివేపాకు పిలకలు, మందార కొమ్మలు, మనీప్లాంటు తీగలు, ఇవన్నీ పది పన్నెండేళ్ళ పిల్లల చేతికి అందేవే. కొబ్బరి పొట్టు మన దగ్గర సులువుగా దొరుకుతుంది, దానికి ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి కవర్లలో నింపితే చాలు.

ఈ వ్యాపారం గొప్పతనం చచ్చిన మొక్కల లెక్కలో ఉంది. 60 కవర్లకు మొత్తం 240 రూపాయలు ఖర్చయిందనుకోండి. మొక్కకు నాలుగు రూపాయలు పడిందని పిల్లవాడు రాస్తాడు. మే నెల ఎండకు ఇరవై మాడిపోతాయి. ఇప్పుడు బతికిన ఒక్కో మొక్క ఖరీదు ఎంత? నాలుగే అంటాడు. కాదు, 240ని 40తో భాగిస్తే ఆరు. పోయిన వాటి బరువు ఉన్నవే మోస్తాయి. రొయ్యల చెరువు వేసిన ఇంట్లో, వరి పండించే ఇంట్లో పెద్దవాళ్ళు రోజూ మాట్లాడుకునే విషయం ఇదే, పిల్లలకు మాత్రం ఆ మాటలు అర్థం కావు. ఇరవై ఎండిన కవర్లు కళ్ళెదుట వరసగా ఉన్నప్పుడు అర్థమవుతాయి.

ఇంకొక సంగతి డెల్టాకే ప్రత్యేకం. కాలువ నీళ్ళు ఎప్పుడూ ఉంటాయన్న ధీమాతో మనం పెరిగాం. కాని సరిగ్గా ఈ వేసవిలోనే మరమ్మతుల కోసం ధవళేశ్వరం నుంచి కాలువలకు నీరు ఆపేస్తారు, చెరువులు అడుగంటుతాయి. పొద్దున ఒక బిందె, సాయంత్రం ఒక బిందె మోసుకొచ్చి పోస్తే గాని మొక్కలు నిలవవు. చుట్టాల ఊరికి వారం రోజులు వెళ్ళాలనుకునే వాళ్ళు ఈ వ్యాపారం పెట్టుకోకండి, లేదా నీళ్ళు పోసిపెట్టే పక్కింటి పిల్లకు వాటా ఇచ్చేట్టు ముందే మాట్లాడుకోండి. మా అబ్బాయి ఒక వేసవిలో అలా పదోవంతు వాటాకు ఒప్పుకుని అమ్మమ్మ గారింటికి వెళ్ళాడు. వచ్చాక చూస్తే పక్కింటి పిల్ల నీడకు పాత చీర కూడా కట్టింది. “పదోవంతు చాలదు అమ్మా” అని వాడే వచ్చి చెప్పాడు, అయిదోవంతు ఇచ్చాడు.

సెలవు ఇచ్చిన మొదటి వారంలోనే విత్తనం పడాలి. మృగశిర కార్తె వచ్చి తొలకరి చినుకులు పడితేనే జనం మొక్కలు నాటాలనుకుంటారు, అది జూన్ రెండో వారం మాట, అప్పటికి బడి తెరిచే రోజూ వచ్చేస్తుంది. అమ్మకమంతా చివరి వారంలో పడుతుంది కనుక, అంత వరకు చేతికి ఒక్క రూపాయి రాదు. ఎనిమిదేళ్ళ వాళ్ళకు ఇది నిరుత్సాహం. వారి కోసం రెండు మూడు వారాల్లో అమ్మకానికి వచ్చే మెంతికూర, తోటకూర మడి ఒకటి పక్కనే వేయండి.

ఈనెల చీపుళ్ళు: పన్నెండు దాటినవాళ్ళకు, ఒక షరతు మీద

కోనసీమలో గాని, పశ్చిమ గోదావరి లంకల్లో గాని రాలిన కొబ్బరి ఆకుకు కొదవ లేదు. పెట్టుబడి అంటే కట్టే తాడు, ఒక చిన్న కత్తి. కత్తి ఉంది కాబట్టే పన్నెండు దాటాలంటున్నాను, అదీ పెద్దవాళ్ళు పక్కన ఉన్నప్పుడే. సరుకు ఖర్చు దాదాపు లేకపోవడం వల్ల ఇక్కడ మిగిలేదంతా శ్రమ విలువే. మా అబ్బాయి మొదటి చీపురుకు నాలుగు గంటలు తీసుకున్నాడు. ఈనెలు కొన్ని మధ్యకు విరిగాయి, కట్టు వదులయింది. 45 రూపాయలకు అమ్మి, తాడుకు అయిదు తీసేస్తే 40, అంటే గంటకు పది. నెల తిరిగేసరికి చెయ్యి అలవాటు పడి రెండు గంటల్లో కట్టగలిగాడు, గంటకు ఇరవై అయింది. ధర మారలేదు, మారింది చేతి నేర్పు ఒక్కటే. ఇంత స్పష్టంగా ఈ విషయం చూపించే పని ఇంకొకటి నాకు తెలియదు.

షరతు ఏమిటంటే, మన ఊళ్ళో ఈనెల చీపుళ్ళు కట్టి, నెత్తిన పెట్టుకుని తిరిగి అమ్ముకునే ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు అది తిండి. సొంత తోట ఉన్న ఇంటి పిల్లవాడు ముప్పైకే ఇస్తానంటే కొనేవాళ్ళు ఇటే వస్తారు, ఆమె బుట్ట నిండుగా ఇంటికి తిరిగి వెళుతుంది. ఆమె అమ్మే ధరకు తగ్గించి అమ్మకూడదన్నది మా ఇంటి కట్టడి. వీలైతే ఆమె తిరగని చోట, పట్నంలో ఉన్న బంధువుల అపార్ట్‌మెంట్లలో అమ్మండి. ఇంకా మంచిది, ఆమెనే పిలిచి రెండు రోజులు నేర్పమనండి, నేర్పినందుకు కూలి ఇవ్వండి, ఆ కూలిని కూడా పెట్టుబడి పద్దులో రాయించండి. పోటీ ధర అంటే ఏమిటో, తక్కువ ధరకు అమ్మితే ఎవరి కంచంలో ఎంత తగ్గుతుందో పిల్లలు ఒకే చోట చూస్తారు.

తాండ్ర, పూతరేకులు: పెద్ద పిల్లలకు, అరువు నేర్చుకోవడానికి

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి మామిడితాండ్రకూ అంతే పేరు. టోకున తెచ్చి, చిన్న పొట్లాలుగా కాకుండా తయారీదారు కట్టిన పెట్టెల్లోనే, ఊళ్ళో తెలిసినవాళ్ళకు అమ్మడం పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలు చేయగలిగిన పని. తిండి వస్తువుల అమ్మకాన్ని క్రమం తప్పకుండా నడిపే ఆలోచన ఉంటే ఆహార భద్రతా చట్టం కింద రిజిస్ట్రేషన్ పెద్దల పేరు మీద తీసుకోవాలి.

రెండింటిలో నేను తాండ్రకే మొగ్గు చూపుతాను. పూతరేకు రేకు మందం కాగితమంత కూడా ఉండదు, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చినా పెట్టె మూలన ఒకటి రెండు నలుగుతాయి, నలిగినవి ఎవరూ కొనరు. తాండ్ర చాప చుట్టినట్టు చుట్టి తెచ్చినా ఏమీ కాదు, వారాల తరబడి నిలవ ఉంటుంది. పూతరేకుల్లో మిగులు ఎక్కువ కనిపించినా నలిగినవి తీసేశాక రెండూ దగ్గరదగ్గరగానే తేలుతున్నాయి.

ఈ వ్యాపారంలో అసలు పాఠం అరువు. కొట్టు గోడ మీద ‘నేడు నగదు, రేపు అరువు’ అన్న బోర్డు చూసి పిల్లలు నవ్వుకుంటారు. తీరా తమ సరుకు బాబాయి తీసుకుని “ఫస్టుకి ఇస్తానురా” అన్నప్పుడు ఆ బోర్డు ఎందుకు పెడతారో తెలిసివస్తుంది. పుస్తకంలో అమ్మకం 600 అని ఉంటుంది, పెట్టెలో 350 ఉంటాయి. తక్కినదంతా మనుషుల మాటల్లో ఉంది. అడగాలా వద్దా, అడిగితే ఏమనుకుంటారో అన్న సంకోచాన్ని పిల్లలే దాటాలి. పెద్దలు వెళ్ళి వసూలు చేసి పెట్టకండి. మొహమాటపు బేరాల మాట మొదట చెప్పాను కదా, అది ఈ పనిలోనే ఎక్కువ. అందుకని అమ్మకంలో కనీసం సగం చుట్టాలు కానివాళ్ళకు జరగాలని ముందే గిరి గీసుకోండి.

తక్కిన రెండు

పాత కథల పుస్తకాలను రోజుకు రెండు రూపాయల అద్దెకు ఇవ్వడం శాంత స్వభావం ఉన్న పిల్లలకు, ఎండలో కూర్చోలేని పిల్లలకు సరిపోతుంది. ఇరవై పుస్తకాలు ఉంటే చాలు. రాబడి తక్కువే, నష్టం అసలు ఉండదు. ఒకే పుస్తకం పదిసార్లు సంపాదించడం, చివరికి అట్ట ఊడిపోవడం, రెండూ కనబడతాయి.

బొండాలు, తాటిముంజలకు వేసవిలో ఉన్న గిరాకీ ఇంక దేనికీ ఉండదు. అయినా పిల్లలకు వద్దంటాను. బొండం కొట్టే కత్తి, ముంజలు తీసే కొడవలి పిల్లల చేతికి ఇచ్చేవి కావు. మీ ఇంట్లోనే పెద్దలు ఆ వ్యాపారం చేస్తుంటే మాత్రం, గల్లాపెట్టె దగ్గర పిల్లవాడిని కూర్చోబెట్టి, దింపుకూలి ఎంత, చెట్టు కౌలు ఎంత, పోయిన కాయలు ఎన్ని అన్నది రోజూ రాయించండి.

ఎవరికి ఏది

తొమ్మిదేళ్ళ లోపు పిల్లలకు, మొదటిసారి చేసేవాళ్ళకు మజ్జిగ తప్ప ఇంకేదీ ఆలోచించకండి. కూడికలు తీసివేతలు వచ్చి, భాగహారం దగ్గర తడబడుతున్న పిల్లలకు మొక్కలు మంచివి, ఆ 240, 40 లెక్క వాళ్ళకు లెక్కల పుస్తకం కన్నా బాగా పట్టుబడుతుంది. నలుగురిలో మాట్లాడడానికి సిగ్గుపడే పిల్లలను మజ్జిగ కుండ దగ్గర కూర్చోబెడితే వారం రోజుల్లో మార్పు కనిపిస్తుంది, తాండ్ర పెట్టెలతో ఇల్లిల్లూ తిరగమంటే మాత్రం బెదిరిపోతారు. మాటకారి పిల్లల విషయంలో దీనికి తలకిందులు. వాళ్ళకు అమ్మడం ముందే వచ్చు, కాబట్టి కుదురుగా కూర్చుని చేసే చీపుళ్ళ పని వాళ్ళకు ఎక్కువ నేర్పుతుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి చేయాలనుకుంటే వాటాలు ఎంతెంతో, పని మానేసిన రోజున ఏం చేయాలో మొదటి రోజే కాగితం మీద రాయించి సంతకాలు పెట్టించండి. ఆరుగురు కలిసి మొదలుపెట్టిన మా వీధి షర్బత్తు కొట్టు, ఆ కాగితం లేకపోవడం వల్లనే నాలుగో రోజున ఏడుపులతో మూతపడింది.

పెట్టుబడి, పద్దు, చివరి లెక్క

పెట్టుబడిని బహుమతిగా ఇవ్వకండి, అప్పుగా ఇవ్వండి. పదేళ్ళ లోపువారికి వడ్డీ వద్దు. పెద్ద పిల్లలకు మన వాడుకలో ఉన్న ‘నూటికి రూపాయి’ వడ్డీకి ఇవ్వండి. 500 రూపాయలకు నెలకు అయిదు, రెండు నెలలకు పది. అది ఏడాదికి 12 శాతం అవుతుందని, ‘నూటికి రెండు’ అంటే 24 శాతమని, ‘మూడు’ అంటే 36 అని వాళ్ళ చేతనే వేయించండి. ఊళ్ళో పెద్దలు అరుగుల మీద వాడే ఆ మాటకు అర్థం పదమూడేళ్ళకే తెలిస్తే మంచిది. డ్వాక్రా సంఘంలో ఉన్న తల్లులకు, అమ్మమ్మలకు పొదుపు, అప్పు, వాయిదా పద్దులు కొత్త కావు. పిల్లల పుస్తకం గీతలు గీసి ఇచ్చే పని వాళ్ళకు అప్పగించండి, నాన్నల కన్నా వాళ్ళు బాగా చూపిస్తారు.

ఫోన్‌పే, గూగుల్‌పే వచ్చాక ఒక చిక్కు వచ్చింది. కొన్నవాళ్ళు నాన్న ఫోనుకు పంపేస్తారు, పిల్లల పెట్టె ఖాళీగా ఉంటుంది, వచ్చిన డబ్బు వాళ్ళ కంటికి ఆనదు. ఫోనుకు వచ్చిన మొత్తాన్ని అదే సాయంత్రం నోట్లు, చిల్లరగా మార్చి పెట్టెలో వేయించి, వాళ్ళ చేతనే లెక్కపెట్టించండి. తడి చేతులతో లెక్కపెడుతుంటే నోట్లు ఒకదానికొకటి అతుక్కుని 240 కాస్తా 230 అవుతుంది. మళ్ళీ లెక్కపెట్టాలి. ఆ మళ్ళీ లెక్కపెట్టే అలవాటు కోసమే నగదు కావాలంటున్నాను.

బడి తెరిచే ముందు వారంలో వ్యాపారం మూసేసి లెక్క తేల్చండి. ముందు అప్పు, వడ్డీ తీరాలి. తరువాత తాతగారికి నిమ్మకాయలకు, పక్కింటి పిల్లకు వాటాకు ఇవ్వవలసినవి ఇవ్వాలి. రాని అరువులను వేరే పేజీలో పేర్లతో రాసుకోవాలి. అవన్నీ పోగా నిలిచినదే మిగులు. పదేళ్ళు నిండిన పిల్లలు పోస్టాఫీసులో తమ పేరుతోనే పొదుపు ఖాతా తెరిచి నడుపుకోవచ్చు, 500 రూపాయలతో తెరవవచ్చు. బ్యాంకులలో కూడా పదేళ్ళు దాటిన పిల్లలు సొంతంగా ఖాతా నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు అనుమతి ఉంది. మిగులులో సగం అక్కడ వేయించి, తక్కిన సగాన్ని ఎలా ఖర్చు పెట్టాలన్నది వాళ్ళకే వదిలేయండి. మా అమ్మాయి తొలి వేసవిలో మిగిలిన దానిలో 60 రూపాయలు పెట్టి ఒక కొత్త కుండ కొని తెచ్చి, మరుసటి ఏడాది పద్దు మొదటి పేజీలో పెట్టుబడి కింద రాసుకుంది.